బొమ్మలు వ్రాయు బిడ్డకు బ్రదుకుతెరువు



మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతముల ఉన్నత పాఠశాలలలో ముప్పది యేండ్లకు పైగా డ్రాయింగు మాస్టరుగా పనిచేసి, ఇప్పుడు ఇంటిపట్టున విశ్రమించుచున్నవాడను. సేద్యమును గూర్చియు, ధర్మమును గూర్చియు మీకు చెప్పదగినవాడను కాను. కాని యొక విషయమున మీలో పలువురు నా వాకిటికి వచ్చి నన్నడిగియున్నారు. "అయ్యవారూ, మా పిల్లవాడు ఎప్పుడు చూచినా బొమ్మలు గీస్తూ కూర్చుంటాడు. ఆ విద్య వాడికి కూడు పెడుతుందా?" ఇదియే ఆ ప్రశ్న. నేటి నా ప్రసంగమంతయు దీనికి సమాధానము.

ఈ ప్రశ్నకు నేనొకప్పుడు తప్పు సమాధానము చెప్పియున్నాను. ముందుగా దానిని మీయెదుట ఒప్పుకొనుట న్యాయము.

సుమారు ఇరువది సంవత్సరముల క్రిందట నాయొద్ద ఒక బాలుడు చదువుకొనుచుండెను. తండ్రి మెట్టరైతు, కందియు, మిరపయు పండించువాడు. ఆ బాలుని చేయి చక్కనిది. చెన్నకేశవస్వామి దేవాలయపు స్తంభముల మీది శిల్పములను చూచి వచ్చి, పలకపై బలపముతో ఉన్నవి ఉన్నట్లు దింపెడివాడు. తండ్రి వచ్చి పై ప్రశ్న నడిగినప్పుడు నేను క్షణమైన ఆలోచింపక, "నిశ్చయముగా పెట్టును. పట్నమునకు పంపుము" అంటిని. శిష్యుని చేతిని చూచి గర్వించితినే గాని, ఎక్కడికి పంపవలెనో, అచ్చట ఏమి నేర్పుదురో విచారింపనైతిని. అతడు రెండెకరముల మెట్ట తనఖా పెట్టి, పట్నములో పెద్ద బోర్డు కట్టుకొన్న ఒక శిక్షణాలయమున కుమారుని చేర్చెను. కంప్యూటరుతో బొమ్మలు చేయుట నేర్పుదుమనియు, ఏడాది తిరుగకుండ ఉద్యోగ మిప్పింతుమనియు వారు చెప్పిరట. నేర్పినది రెండు యంత్రసాధనముల వాడుక మాత్రమే. వారిచ్చిన పత్రమునకు ఏ విశ్వవిద్యాలయపు గుర్తింపును లేదు. పదునాలుగు మాసములకు కుర్రవాడు తిరిగివచ్చెను.

తండ్రి నన్ను నిందింపలేదు. "మీ మాట మీదనే పంపినాను అయ్యవారూ" అని మాత్రమనెను. ఆ మాట నాకు నేటికిని మరపునకు రాలేదు. బొమ్మలు వ్రాయు బిడ్డను అడ్డగించుట ఒక తప్పు. ఆరా తీయక పంపుట రెండవ తప్పు. మొదటిది మీలో కొందరు చేయుచున్నారు. రెండవది నేను చేసితిని. ఈ రెండింటికి నడుమ నున్న దారిని చూపుటకే నేడు మాటాడుచున్నాను.

ముందుగా ఈ విద్య ఎట్టిదో తెలిసికొందము. బొమ్మలు వ్రాయుట రెండు విధములు. తన మనస్సునకు తోచిన దానిని తన తృప్తికై వ్రాయుట యొకటి. ఇంకొకరి యవసరము నెరిగి, ఆ పని నెరవేరునట్లు, గడువులోపల వ్రాసియిచ్చుట మరియొకటి. ఈ రెండవదానినే వ్యాపార చిత్రకళ యనియు, కళాశాలలలో అప్లయిడ్ ఆర్ట్సు అనియు పిలుచుచున్నారు. బొమ్మతో నిమిత్తము లేకుండ వస్తువునకే తగిన రూపమును యోచించుటను డిజైను అందురు.

డిజైను అనగా విడ్డూరమైన సంగతి యేమియు కాదు. మన మార్కాపురపు పలకను చేత పట్టుకొని చూడుడు. పొరలు పొరలుగా చీలెడు రాతిని త్రవ్వి, ఉలితో పలుచగా చీల్చి, నునుపు చేసి, నలువైపుల కొయ్యబద్దలు తొడిగి దేశమంతటికి పంపినారు మనవారు. ఆ పలక పసివాని యొడిలో ఇముడు కొలతకే ఎందుకు వచ్చినది? కొయ్యబద్ద యెందుకు? అంచు చేతిని కోయకుండుటకు; క్రింద పడినప్పుడు దెబ్బ రాతికి తగులకుండుటకు. కొన్ని పలకలకు ప్రక్కగా తీగెలపై రంగుపూసలు కూర్చినారు, లెక్కలు నేర్చుటకు. రాతిని భగవంతుడిచ్చినాడు, ఈ యేర్పాటును మాత్రము ఎవడో యొక మనుష్యుడు పసివాని చేతిని మనసులో నుంచుకొని యోచించెను. ఆ యోచనయే డిజైను.

ఇంకొక యుదాహరణము. 1951-52 సంవత్సరములలో దేశమున మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగినవి. ఓటర్లలో అధిక సంఖ్యాకులకు చదువు రాదు. అభ్యర్థి పేరు చదువలేనివాడు ఓటు వేయుట యెట్లు? అందుచే ప్రతి అభ్యర్థికిని వేరువేరుగా పెట్టె నుంచి, దానిపై గుర్తు నంటించిరి. ఆ గుర్తులు దూరమునుండి చూచినను, ముసలికన్నులతో చూచినను తెలియవలెను. ఒకదానిని చూచి మరియొకటి యనుకొనరాదు. బొమ్మకు అక్షరముతో సమానమైన బాధ్యత అచ్చట పడినది. మీరును, మీ తండ్రులును ఒక చిత్రకారుని పనిని నమ్మియే ఓటు వేసినారు.

మిరపతోటకు తెచ్చు పురుగుమందు సీసాను చూడుడు. దానిపై వజ్రాకారముగా నొక గుర్తుండును. దాని క్రింది సగము ఎరుపైన మిక్కిలి తీవ్రమైన విషము, పసుపైన తీవ్రమైనది, నీలమైన మధ్యమము, ఆకుపచ్చయైన స్వల్పము. చదువురాని కూలి రంగును చూచి జాగ్రత్తపడవలెనని చేసిన యేర్పాటది. ఇట్టి బొమ్మ ప్రాణము నిలుపును. ఇక త్రివర్ణ పతాక మున్నది. పింగళి వెంకయ్యగారు 1916 లో జాతీయ పతాకమును గూర్చి గ్రంథము ప్రకటించి, 1921 లో బెజవాడ కాంగ్రెసు సభల సందర్భమున మహాత్మునికి పతాక నమూనాను సమర్పించిరి. అదియే మార్పులు చెంది 1947 జూలై 22 న రాజ్యాంగసభచే స్వీకరింపబడినది. కాబట్టి ఈ విద్యను "బొమ్మల పిచ్చి" యని తేలికచేయుట తగదు.

తెలుగునాట ఈ విద్యచే జీవించినవారు లేరా? పెక్కురు కలరు. 1947 జూలైలో మదరాసున చందమామ వెలువడినది మొదలు, పిల్లలు కథలకన్న ముందు బొమ్మలనే చూచిరి. వడ్డాది పాపయ్యగారు శ్రీకాకుళమున 1921 లో పుట్టి, పత్రికల ముఖచిత్రములతో ఇంటింటికి తెలిసినవారైరి. మాధవపెద్ది గోఖలేగారు పాతాళభైరవి, మాయాబజారు మొదలగు చలనచిత్రములకు కళాదర్శకులుగా పనిచేసిరి. నరసాపురమున 1933 లో జన్మించిన బాపుగారు న్యాయశాస్త్ర పట్టభద్రులయ్యును బొమ్మనే వృత్తిగా గ్రహించిరి. వారి చేతివ్రాత నేడు అచ్చుయంత్రములలో అక్షరములుగా ప్రవేశించి, పెండ్లి శుభలేఖలపై కూడ కనబడుచున్నది.

వీరికి ముందు దామెర్ల రామారావుగారి కథ పెద్దలు వినదగినది. 1897 లో పుట్టిన ఆ రాజమహేంద్రవర యువకుని నేర్పును అక్కడి కళాశాలాధ్యక్షుడగు కూల్డ్రేదొర కనిపెట్టి, ప్రోత్సహించి, బొంబాయిలోని జె.జె. కళాశాలకు పోవుటకు తోడ్పడెను. రామారావుగారు 1925 లో అకాలముగా మరణించిరి. అయినను ఆ స్వల్పకాలములోనే ఆంధ్ర చిత్రకళకొక మార్గ మేర్పరచిరి. ఇందు గమనింపవలసినది కూల్డ్రేదొర చేసిన పని. అతడు మెచ్చుకొని యూరకుండలేదు. నేర్చుకొనదగిన చోటెక్కడనో తెలిసి, అచ్చటికి పంపెను. నేను చేయనిది అదియే.

ఇప్పుడీ విద్యకు గల వృత్తులను చెప్పెదను. పుస్తకములకు, పత్రికలకు బొమ్మలు వ్రాయుట, పుటలను అమర్చుట, అక్షరముల రూపములు తీర్చుట. సరుకుల పెట్టెలకు, సంచులకు రూపము కల్పించుట. మన కందిపప్పును గోనెసంచిలో అమ్మిన నొక ధర, శుభ్రమైన పొట్లములో పేరు పెట్టి అమ్మిన నింకొక ధర యని మీరెరుగుదురు. వస్త్రములపై అద్దకములకు నమూనాలు గీయుట. చలనచిత్రములకు రంగస్థలములు కట్టించుట, గోడపత్రికలు చేయుట. కదలెడు బొమ్మలు చేయుట. మీ మనుమల చేతిలోని సెల్‌ఫోనుపై ఏ మీట ఎక్కడ నుండవలెనో, ముసలివారికి కూడ తెలియునట్లు నిర్ణయించుట. ఇది నేడు పెరుగుచున్న వృత్తి. కుర్చీ మొదలు నీళ్ల పంపు వరకు వాడుక వస్తువులకు రూపము యోచించుట. ఇన్నింటికిని మూలము గీత. గీతకు మూలము చూపు.

ఇక నేర్చుకొను మార్గములు. మొదటిమెట్టు ఇంటి దాపుననే యున్నది. ప్రభుత్వ పరీక్షల శాఖవారు డ్రాయింగులో లోయరు, హయ్యరు అను రెండు పరీక్షలు జరుపుచున్నారు. వీటికగు వ్యయము స్వల్పము. బిడ్డ యిష్టము వేడుకయా, పట్టుదలయా అని తెలిసికొనుటకు ఇంతకన్న చవుకయైన పరీక్ష లేదు. నేనాబాలునికి ముందుగా ఈ పరీక్షలైనను వ్రాయించియుండవలసినది.

పదవ తరగతితో చదువు ముగింపదలచినవారికి చేనేత మార్గ మున్నది. వెంకటగిరిలోని ప్రగడ కోటయ్య స్మారక చేనేత సాంకేతిక సంస్థలో మూడేండ్ల డిప్లమా కలదు. కలంకారి నేర్వగోరువారికి శ్రీకాళహస్తిలో వెదురుకలముతో గుడ్డపై వ్రాయు పనివారు నేటికిని కలరు.

ఇంటర్మీడియెటు ముగించినవారికి నాలుగేండ్ల లలితకళల పట్టమున్నది, దానిని బి.ఎఫ్.ఎ. యందురు. ఇందు వర్ణచిత్రము, శిల్పము, అప్లయిడ్ ఆర్ట్సు అను శాఖలుండును. జీవనోపాధికి మూడవదే దగ్గర త్రోవ. మన ప్రాంతమువారికి చేరువలో, కడపలో, డాక్టర్ వై.యస్.ఆర్. పేరిట వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయము 2020 లో స్థాపింపబడినది. విశాఖపట్టణములో ఆంధ్ర విశ్వకళాపరిషత్తున లలితకళల శాఖ యున్నది. హైదరాబాదున జవహర్‌లాల్ నెహ్రూ పేరిట ఇట్టి విశ్వవిద్యాలయమే 2008 నుండి కలదు. అది యిప్పుడు వేరు రాష్ట్రములోనిది గనుక ప్రవేశ నిబంధనలను ముందుగా విచారింపవలెను. చెన్నపట్టణములో 1850 లో హంటరను వైద్యుడు నెలకొల్పిన కళాశాల నేటికిని ప్రభుత్వ లలితకళాశాలగా నడచుచున్నది.

డిజైను విద్యకు జాతీయ సంస్థ యొకటి అహమ్మదాబాదున 1961 లో ఏర్పడినది. ఆంధ్రప్రదేశమునకు ప్రత్యేకముగా నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ 2015 లో ప్రారంభింపబడి, అమరావతి ప్రాంతమున నడచుచున్నది. గిద్దలూరులో బండియెక్కిన గుంటూరు దూరదేశము కాదు గదా! దీని ప్రవేశపరీక్ష రెండు విడతలుగా జరుగును. హైదరాబాదు ఐ.ఐ.టి.లో కూడ డిజైను పట్టమున్నది. ఒక ముఖ్యవిషయము: ఈ విద్యలకు ఇంటర్మీడియెటులో ఇదే గ్రూపు చదివియుండవలెనను నిర్బంధము లేదు. లెక్కలలో వెనుకబడినంతనే దారి మూతపడదు. కాని నున్నగా గీసిన బొమ్మను చూచి మాత్రమే సీటియ్యరు. బిడ్డ చుట్టునున్న లోకము నెంత శ్రద్ధగా చూచుచున్నాడు, చిక్కు వచ్చినప్పుడెట్లు యోచించుచున్నాడు అని పరీక్షింతురు.

ఖర్చు మాట దాచరాదు. ప్రభుత్వ కళాశాలలలోని బి.ఎఫ్.ఎ.కు రుసుము మధ్యతరగతి రైతు భరింపగలిగినంత. జాతీయ డిజైను సంస్థలలో అది లక్షలలో నుండును. ఉపకారవేతనములు, బ్యాంకు ఋణములు కలవు. వాటిని ముందుగా విచారించి, కాగితముపై లెక్కవేసికొని, ఆ పిమ్మటనే భూమి మాట తలపెట్టవలెను.

"అంతయు బాగున్నది, యంత్రములే బొమ్మలు వేయుచుండగా మనుష్యుని కిక పనియేమి?" అని మీరడుగవచ్చును. ఈ సందేహము సహేతుకమే. 2000 సంవత్సరమునకు పిమ్మట ఫ్లెక్సీ బోర్డులు వచ్చి, కుంచెపట్టి అంగళ్ల పేర్లు వ్రాయువారి పొట్టకొట్టినవి. నిచ్చెన నెక్కి గోడలపై అక్షరములు దిద్దిన పనివారు కుంచెలు కట్టగట్టి అటుకపై నుంచుట నేను కన్నులార చూచితిని. 2022 నుండి కృత్రిమమేధ యను యంత్రము మాట చెప్పినంతనే బొమ్మ నిచ్చుట సామాన్యులకును అందుబాటైనది. దీనివలన చిల్లర పనులు చాల తగ్గును, తగ్గుచునే యున్నవి. ఇది మరుగుపరచి బిడ్డను పంపుట మోసము.

కాని మన పలక సంగతియే తలచుకొనుడు. కాగితపు పుస్తకములు, ప్లాస్టికు పలకలు వచ్చి రాతిపలకల గిరాకీ పడిపోయినది. అదే రాతిని గోడలకు, నేలలకు పరచు బిళ్లలుగా కోసి అమ్మిన వారికి బేరము దొరకినది. రాయి మారలేదు, దాని యుపయోగమును క్రొత్తగా యోచించినవాడు నిలిచెను. అట్లే కుంచె పనివారిలో అక్షరపు కొలత, రంగుల పొందిక తెలిసినవారు కంప్యూటరు నేర్చి నిలువదొక్కుకొనిరి. బొమ్మ నిచ్చుట యంత్రమునకు తెలియును. ఏ బొమ్మ కావలెనో, ఎవరికొరకో, అది మిరపచేని కూలికి అర్థమగునో కాదో నిర్ణయించి, తప్పైనచో బాధ్యత వహించుట మనుష్యుని పని. కనుక నేర్వవలసినది సాధనమును మాత్రమే కాదు, యోచనను. సాధనమును మాత్రమే నేర్పు చోటు ఐదేండ్లలో పాతబడిపోవును. నా శిష్యుడు మోసపోయిన దిచ్చటనే.

పెద్దలారా, మీ యింటనో, మీ వీథిలోనో ఇట్టి బిడ్డ యున్నయెడల మూడు విషయములు విచారింపుడు.

మొదటిది బిడ్డను గూర్చి. మెప్పు రానప్పుడును గీయుచున్నాడా? "ఇది బాగులేదు, మరల వ్రాయుము" అనిన అలుగునా, మరల వ్రాయునా? పరుల పనికై బొమ్మ వ్రాయువాడు ఒక్క బొమ్మనే పదిమార్లు దిద్దవలసియుండును. ఊరి పాలకేంద్రమునకో, జాతరకో ఒక బోర్డు వ్రాయుమని గడువు పెట్టి చూడుడు. గడువునకు తెచ్చెనేని సగము పరీక్షలో నెగ్గినట్లే.

రెండవది విద్యాలయమును గూర్చి. పట్టము నిచ్చునది ఏ విశ్వవిద్యాలయము? గుర్తింపుగల విశ్వవిద్యాలయముల పట్టికను, బూటకపు వాటి పట్టికను కూడ విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు, అనగా యు.జి.సి. వారు, ప్రకటించుచున్నారు, మీ యూరి ఉపాధ్యాయుడు క్షణములో చూచి చెప్పగలడు. అచ్చట చదివిన ఇద్దరితోనైన స్వయముగా మాటాడుడు. ఉద్యోగ మిప్పింతుమని నోటిమాటగా చెప్పువానికి ముందుగా సొమ్ము చెల్లింపకుడు.

మూడవది సొమ్మును గూర్చి. మొదటి యేడాదికి కాదు, నాలుగేండ్లకును లెక్కవేయుడు. చదువు ముగిసినంతనే పెద్దజీతము వచ్చునని తలపకుడు. ఈ వృత్తిలో తొలి రెండు మూడేండ్లు చేతిపని చూపి నమ్మకము సంపాదించుకొనవలసిన కాలము.

ఈ మూడింటికిని తృప్తికరమైన జవాబులు దొరకినయెడల, ఇక బిడ్డను ఆపకుడు. ఆడపిల్లయైనను ఆపకుడు.

ఇది నేను కడపటి మాటగా చెప్పుటకు కారణ మున్నది. రెండేండ్ల క్రిందట మార్కాపురములో ఒక తల్లి నాయొద్దకు వచ్చెను. ఆమె పలకల కార్ఖానాలో కొయ్యబద్దలు తొడుగు పనిచేయునది. విరిగిన పలకముక్కలు ఇంటికి తెచ్చిన, కుమార్తె వాటినిండ బొమ్మలు నింపెడిది. ఆమెయు అదే ప్రశ్న నడిగెను. ఈసారి నేను వెంటనే బదులు చెప్పలేదు. "నాకు మూడు నెలలు గడువీయమ్మా" అంటిని. ఆ బాలికచే డ్రాయింగు పరీక్ష వ్రాయించితిని. కళాశాలకు తల్లిని, కుమార్తెను వెంటబెట్టుకొని పోయి, తరగతిగదులు, వసతిగృహము చూపించితిని. రుసుముల పట్టిక వ్రాసి తెచ్చితిని. అక్షరముల పని నేర్పుటకు ఎవరినడుగుదునా యని యోచించి, సిగ్గు విడిచి, నా పాత శిష్యునే యడిగితిని.

అతడిప్పుడు మన ప్రాంతముననే ఫ్లెక్సీ దుకాణము నడుపుకొనుచున్నాడు. తనఖా భూమిని విడిపించుకొనుటకు అతనికి ఏడేండ్లు పట్టినది. ఆ బాలికకు ఆరునెలలపాటు సాయంకాలములందు రుసుము లేకుండ అక్షరముల కొలతలు నేర్పెను. ఒకనాడు నాతో, "నాకు అప్పుడు చెప్పవలసిన మాటలు ఈ అమ్మాయికి చెప్తున్నారు సార్" అనెను. అందు కోపము లేదు. నేను తలవంచుకొంటిని.

ఆ బాలిక యిప్పుడు బి.ఎఫ్.ఎ. రెండవ సంవత్సరము చదువుచున్నది. ఆమె యేమగునో నేను జోస్యము చెప్పజాలను. చెప్పగలిగినది ఒక్కటియే: ఆమె తల్లి, తన బిడ్డ ఎచ్చట నున్నదో, ఏమి నేర్చుచున్నదో, దానికెంత యగునో తెలిసి పంపినది.

మన చేతి పలకలు దేశములోని పిల్లల యొడులకు చేరినవి. వాటిపై బొమ్మలు వ్రాసిన మన పిల్లలను మాత్రము "చెరిపివేసి లెక్కలు చేయుము" అని గదిమితిమి. ఇకమీద బిడ్డ పలకపై బొమ్మ కనబడినప్పుడు, చెరుపుటకు ముందొకసారి చూడుడు. చూచిన పిమ్మట విచారింపుడు. విచారించిన పిమ్మట పంపుడు.